సూత్రాన్ని తిప్పి రాయడం: పిల్లలూ పెద్దలూ తరచుగా అడిగే ప్రశ్నలు

ఆమదాలవలసలో మా ఇంటి అరుగు మీద రోజూ సాయంత్రం ఏడు నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలకు లెక్కలు చెబుతాను. దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోతారు. సూత్రం నోటికి వస్తుంది, అంకెలు వేయడమూ వస్తుంది. కానీ అడిగినది సూత్రంలో ఎడమ పక్కన ఒంటరిగా లేకపోతే చెయ్యి కదలదు. ఆ ఒక్క విషయం మీద ఇన్నేళ్లలో నన్ను అడిగిన ప్రశ్నలను, వాటి జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక సందేహం: సూత్రాల్లో తెలుగు అక్షరాలు వాడారేం?

బడి పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అక్షరం ఏదైనా లెక్క మారదు. ఇక్కడ వీలైన చోట మాటల్లోనే రాస్తాను, సూత్రం పొడవైతే మాటలోని తొలి అక్షరం వేస్తాను. ఇది కొత్త పద్ధతేమీ కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశులకు యా, కా, నీ, పీ అని రాశాడు. యావత్తావత్, కాలక, నీలక, పీతక అనే మాటల తొలి అక్షరాలవి. మొదటి మాటకు 'ఎంతో అంత' అని అర్థం, మిగతావి నలుపు, నీలం, పసుపు రంగుల పేర్లు. పిల్లలకు ఈ సంగతి చెప్పాక అక్షరాలంటే భయం కొంచెం తగ్గడం నేను చూశాను.

అసలు తిప్పి రాయడం అంటే ఏమిటి?

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ మా ఊళ్లోనే ఉంది. అక్కడి నుంచి విజయనగరానికి రైలు దారి సుమారు 70 కిలోమీటర్లు. అందరికీ తెలిసిన సూత్రం ఇది:

దూరం = వేగం × కాలం

గంటకు 56 కిలోమీటర్ల సగటు వేగంతో వెళ్లే బండి ఎంతసేపట్లో చేరుతుందని అడిగితే, మనకు కావలసింది కాలం. సూత్రంలో అది వేగంతో కలిసి కుడి పక్కన ఉంది. రెండు పక్కలనూ వేగంతో భాగిస్తే కాలం ఒంటరిగా మిగులుతుంది:

కాలం = దూరం ÷ వేగం

70ని 56తో భాగిస్తే 1.25, అంటే గంటా పదిహేను నిమిషాలు. అదే దూరం గంటలో వెళ్లిన బండి వేగం ఎంతంటే అప్పుడు వేగాన్ని ఒంటరి చేస్తాం. చాలామంది నోటు పుస్తకాల్లో వీటిని మూడు వేర్వేరు సూత్రాలుగా రాసుకుని మూడింటినీ బట్టీ పడతారు. ఉన్నది ఒక్కటే సంబంధం. దాన్ని ఎటు నుంచి చదవాలో తెలిస్తే చాలు.

పక్క మారితే గుర్తు మారుతుందని చెప్పారు కదా, అది సరిపోదా?

నన్ను అడిగే ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. సరిపోదు, ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

మూడు పెన్నులు, ఐదు రూపాయల స్కేలు కలిపి 20 రూపాయలు అయ్యాయి. ఒక పెన్ను ధర 'పె' అనుకుంటే:

3 × పె + 5 = 20

5 అవతలికి వెళ్లి మైనస్ 5 అయింది, కాబట్టి 3 × పె = 15. ఇక్కడి వరకు అందరూ సరిగానే వస్తారు. తర్వాతి అడుగులో కొందరు పె = 15 − 3 = 12 అని రాస్తారు. ఇంకొందరు పె = 15 ÷ (−3) = −5 అని రాస్తారు. రెండో జవాబు రాసిన పిల్లవాడిని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. పక్క మారితే గుర్తు మారాలని మనమే చెప్పాం. వాడు 3ని పక్క మార్చాడు, దాని గుర్తూ మార్చాడు. చెప్పినట్టే చేశాడు. కానీ పెన్ను ధర సున్నా కంటే తక్కువ ఎలా అవుతుంది? 12 రూపాయలన్న జవాబూ నిలవదు, మూడు పెన్నులకే 36 అవుతుంది.

కాబట్టి ఆ మాటను కాసేపు పక్కన పెట్టి, సంతలో తక్కెడను తలచుకోండి. రెండు పళ్లేలూ సమానంగా ఉన్నాయి. ఒక పళ్లెంలోంచి అరకిలో తీస్తే ముల్లు వాలిపోతుంది. రెండో పళ్లెంలోంచీ అరకిలో తీస్తే మళ్లీ సమం. సమీకరణం కూడా అంతే. 5 ఎక్కడికీ ఎగిరి వెళ్లలేదు. రెండు పక్కల నుంచీ 5 తీసేశాం. ఎడమ పక్కన +5, −5 కలిసి పోయాయి, కుడి పక్కన 20 − 5 మిగిలింది. దూరం నుంచి చూస్తే 5 గుర్తు మార్చుకుని అవతలికి వెళ్లినట్టు కనిపిస్తుంది. పుస్తకంలో పక్షాంతరం అనేది దీన్నే. ఇక 3 అక్కడ గుణిస్తోంది. గుణకారాన్ని పోగొట్టేది భాగహారం, కాబట్టి రెండు పక్కలనూ 3తో భాగిస్తాం. పె = 5.

గుర్తుంచుకోవాల్సింది ఇంతే: ఏం చేసినా రెండు పక్కలా చేయాలి. కూడితే తీసివేత, తీసివేస్తే కూడిక, గుణిస్తే భాగహారం, భాగిస్తే గుణకారం, వర్గం చేస్తే వర్గమూలం. ఈ సంగతి మనసుకెక్కిన పిల్లలు పక్షాంతరం వాడినా తప్పు చేయరు. బీజగణితానికి ఇంగ్లీషులో ఉన్న ఆల్జీబ్రా అనే పేరు కూడా ఈ పని నుంచే వచ్చింది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్ ఖ్వారిజ్మీ వాడిన 'అల్ జబ్ర్' అనే అరబ్బీ మాట దానికి మూలం. తీసివేతలో ఉన్న పదాన్ని రెండు పక్కలా కూడి పూడ్చడమని దాని అర్థం.

త్రిభుజం గీసి, కావలసినదాన్ని వేలితో మూసే పద్ధతి వాడొచ్చా?

దూరం పైన, వేగం, కాలం కింద రాసి ఒకదాన్ని వేలితో మూస్తే మిగతాది కనిపిస్తుంది. మూడే రాశులుండి, ఒకటి మిగతా రెండింటి లబ్ధమైతే అది పనిచేస్తుంది. కానీ తొమ్మిదో తరగతిలో చలనం పాఠం రాగానే ఇది ఎదురవుతుంది:

చివరి వేగం = తొలి వేగం + త్వరణం × కాలం

దీనికి త్రిభుజం లేదు. అప్పటి వరకు త్రిభుజం మీదే ఆధారపడ్డ పిల్లలు ఇక్కడ బిక్కమొహం వేస్తారు. అందుకే నేను దాన్ని నేర్పను. వచ్చినవాళ్లను మానమనను, కానీ తక్కెడ పద్ధతిలో కూడా చేసి చూపించమంటాను. పై సూత్రంలో కాలం కావాలంటే ముందు తొలి వేగం తీసేయాలి, తర్వాత త్వరణంతో భాగించాలి:

కాలం = (చివరి వేగం − తొలి వేగం) ÷ త్వరణం

నిలబడి ఉన్న బండి సెకనుకు సెకనుకు 0.5 మీటర్ల త్వరణంతో సెకనుకు 20 మీటర్ల వేగం అందుకోవాలంటే (20 − 0) ÷ 0.5 = 40 సెకన్లు. బ్రాకెట్ మరిచిపోతే తొలి వేగం ఒక్కటే త్వరణంతో భాగింపబడుతుంది. భిన్నంగా రాసేటప్పుడు గీత పైనున్న మొత్తం కిందికి వచ్చేలా పొడుగ్గా గీయమని రోజూ చెబుతూనే ఉంటాను.

ఏది ముందు తీసేయాలో ఎలా తెలుస్తుంది?

అన్నం క్యారేజీ సర్దినప్పుడు చివర పెట్టిన గిన్నె పైన ఉంటుంది, విప్పేటప్పుడు ముందు అదే చేతికొస్తుంది. సూత్రం కూడా అలాగే సర్ది ఉంటుంది. మనకు కావలసిన రాశితో మొదలుపెట్టి, దాని మీద ఏ పనులు ఏ వరుసలో జరిగాయో రాసుకోండి. విప్పడం చివరి నుంచి మొదలుపెట్టండి.

జ్వరం థర్మామీటరు సంగతి చూద్దాం:

ఫారెన్‌హీట్ = సెల్సియస్ × 9 ÷ 5 + 32

సెల్సియస్ మీద మూడు పనులు జరిగాయి: 9తో గుణించారు, 5తో భాగించారు, 32 కలిపారు. వెనక్కి రావాలంటే ముందు 32 తీసేయాలి, తర్వాత 5తో గుణించి, చివర 9తో భాగించాలి:

సెల్సియస్ = (ఫారెన్‌హీట్ − 32) × 5 ÷ 9

98.6 వేసి చూడండి. 98.6 − 32 = 66.6. దాన్ని 5తో గుణిస్తే 333, 9తో భాగిస్తే 37. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి వేడి అది. వరుస తప్పి, ముందు 5/9తో గుణించి తర్వాత 32 తీసేస్తే దాదాపు 22.8 వస్తుంది. అంత చల్లని ఒళ్లు ఎవరికీ ఉండదు కాబట్టి తప్పు అక్కడే దొరికిపోతుంది.

చురుకైన పిల్లలు ఇక్కడ ఒక మంచి ప్రశ్న వేస్తారు: ముందు భాగిస్తే నిజంగా తప్పా? తప్పు కాదు. కాకపోతే ఆ పక్కనున్న ప్రతి పదాన్నీ భాగించాలి, 32ను కూడా. అప్పుడు 98.6 × 5/9 అంటే సుమారు 54.78, 32 × 5/9 అంటే సుమారు 17.78. తేడా మళ్లీ 37. అంటే క్యారేజీ వరుస తప్పనిసరి నియమం కాదు, భిన్నాలు తక్కువయ్యే సులువైన దారి. తప్పనిసరి అయినది తక్కెడ ఒక్కటే.

కావలసిన అక్షరానికి ముందు మైనస్ ఉంటే?

దాన్ని రెండు పక్కలా కూడేయండి, అవతలి పక్కన ప్లస్‌తో కనిపిస్తుంది. మిగులు = జీతం − ఖర్చు అనుకోండి. రెండు పక్కలా ఖర్చు కూడితే మిగులు + ఖర్చు = జీతం. ఇప్పుడు మిగులు తీసేస్తే ఖర్చు = జీతం − మిగులు. గుర్తుల గందరగోళం ఉండదు.

ఒకే అక్షరం రెండు చోట్ల ఉంటే ఏం చేయాలి?

దీనికి వడ్డీ లెక్క కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మన ఊళ్లలో అప్పు మాట వస్తే నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అంటారు. అంటే వంద రూపాయలకు నెలకు అంత. బారువడ్డీ అయితే:

వడ్డీ = అసలు × రేటు × నెలలు ÷ 100

40,000 రూపాయలు నూటికి 2 చొప్పున 15 నెలలకు తీసుకుంటే వడ్డీ 12,000, కట్టాల్సిన మొత్తం 52,000. ఇప్పుడు తిరగేసి అడుగుదాం. మొత్తం 52,000 అని, రేటు, నెలలు మాత్రమే తెలిస్తే అసలు ఎంత?

మొత్తం = అసలు + అసలు × రేటు × నెలలు ÷ 100

అసలు రెండు చోట్ల ఉంది. ఇక్కడ పిల్లలు ఒక 'అసలు'ను ఎడమ పక్కకు తెచ్చి, రెండోదాన్ని కుడి పక్కనే వదిలేసి, అసలు దొరికిందనుకుంటారు. జవాబులోనే మళ్లీ అసలు ఉంటే దొరికినట్టు కాదు కదా. చేయాల్సింది ఏమిటంటే, ఆ అక్షరం ఉన్న పదాలన్నిటినీ ఒకే పక్కకు చేర్చి, దాన్ని ఉమ్మడిగా బయటికి తీయడం. ఇక్కడ రెండూ ముందే ఒకే పక్కన ఉన్నాయి:

మొత్తం = అసలు × (1 + రేటు × నెలలు ÷ 100)

రెండు చోట్ల ఉన్నది ఒక చోటికి వచ్చింది. ఇక బ్రాకెట్‌తో భాగించడమే. పైనా కిందా 100తో గుణిస్తే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది:

అసలు = 100 × మొత్తం ÷ (100 + రేటు × నెలలు)

52,00,000ను 130తో భాగిస్తే 40,000. సరిపోయింది.

ఇదే సూత్రంలోంచి రేటును ఒంటరి చేయడం ఇంకా అవసరం, పిల్లల కంటే పెద్దలకే ఎక్కువ అవసరం. ఒకావిడ తన కూతురి నోటు పుస్తకం చూసి, "ఏటి మేడమ్, ఇది మా ఇంటి లెక్కే కదా" అన్నారు. 25,000 తీసుకుని 8 నెలల తర్వాత 31,000 కట్టారట. వడ్డీ 6,000.

రేటు = వడ్డీ × 100 ÷ (అసలు × నెలలు)

6,00,000ను 2,00,000తో భాగిస్తే 3. నూటికి మూడు రూపాయలు, ఏడాదికి 36 శాతం. ఆ అమ్మాయి వాళ్లమ్మ పక్కనే కూర్చుని ఆ లెక్క మళ్లీ మొదటి నుంచీ చేసి చూపించింది.

వర్గాలు, వర్గమూలాలు వస్తే?

వర్గాన్ని పోగొట్టేది వర్గమూలం. గుండ్రటి కళ్లం వైశాల్యం 154 చదరపు మీటర్లు అయితే వ్యాసార్థం ఎంత? వైశాల్యం = 22/7 × వ్యాసార్థం². ముందు 22/7తో భాగిస్తే 49, వర్గమూలం 7 మీటర్లు. వట్టి సమీకరణంగా చూస్తే −7 కూడా సరిపోతుంది. పొడవు గనక దాన్ని వదిలేస్తాం, వదిలేస్తున్నామని ఒక ముక్క రాయాలి.

ఎక్కువమంది పడిపోయే గుంట వేరే ఉంది. 13 అడుగుల నిచ్చెన గోడకు ఆనించారు, దాని కాలు గోడకు 5 అడుగుల దూరంలో ఉంది. ఎంత ఎత్తుకు చేరుతుంది?

ఎత్తు² = నిచ్చెన² − దూరం²

వర్గమూలాన్ని ఒక్కో పదానికి పంచేసి ఎత్తు = 13 − 5 = 8 అని రాస్తారు. వర్గమూలం కుడి పక్కనున్న మొత్తానికి తీయాలి: 169 − 25 = 144, ఎత్తు 12. కూడికల మీద, తీసివేతల మీద వర్గమూలం విడిపోదు. గుణకార భాగహారాల మీద మాత్రమే విడిపోతుంది.

భిన్నాలను తిరగేయడంలో ఎందుకు తప్పు వస్తోంది?

పైన చెప్పిన తప్పుకు తోబుట్టువు ఇది. పదో తరగతి విద్యుత్ పాఠంలో సమాంతర నిరోధాల సూత్రం వస్తుంది. మొత్తం నిరోధం 'ని', విడి నిరోధాలు 'అ', 'ఆ' అనుకుందాం:

1/ని = 1/అ + 1/ఆ

మూడింటినీ తిరగేసి ని = అ + ఆ అని రాసేస్తారు. 3 ఓమ్‌లు, 6 ఓమ్‌లు వేస్తే 9 వస్తుంది. నిజానికి 1/3 + 1/6 = 1/2, కాబట్టి ని = 2. తిరగేయాలంటే ముందు కుడి పక్కను ఒకే భిన్నం చేయాలి: (అ + ఆ)/(అ × ఆ). అప్పుడు ని = అ × ఆ ÷ (అ + ఆ).

'అ' కావాలంటే? 1/అ = 1/ని − 1/ఆ = (ఆ − ని)/(ని × ఆ). ఇప్పుడు ఒకే భిన్నం కాబట్టి తిరగేయవచ్చు: అ = ని × ఆ ÷ (ఆ − ని). 2, 6 వేస్తే 12 ÷ 4 = 3. కటకాల సూత్రానికీ ఇదే దారి.

పైనా కిందా ఒకే అక్షరం ఉంటే కొట్టేయొచ్చా?

గుణకారంలో ఉంటే కొట్టేయొచ్చు, కూడికలో ఉంటే కూడదు. (6 + 8)/6లో 6లు కొట్టేస్తే 8 మిగులుతుందని రాసినవాళ్లున్నారు. అసలు విలువ 14/6, రెండున్నర కూడా లేదు. ఇంకో జాగ్రత్త: కొట్టేసే అక్షరం విలువ సున్నా కాకూడదు.

ముందు అంకెలు వేసి, తర్వాత తిప్పితే తప్పా?

తప్పు కాదు. ఒక్కసారి చేసే లెక్కకు అదే సులువు కూడా. కానీ అదే లెక్క పదిసార్లు చేయాల్సి వస్తే ముందే తిప్పి పెట్టుకోవాలి. పలాసలో జీడిపప్పు పని చేసే ఇంటి పిల్లవాడికి ఇలా చెప్పాను: వంద కిలోల పిక్కలకు 25 కిలోల పప్పు దిగుతుందనుకో. పప్పు = పిక్కలు × 25 ÷ 100. దీన్ని ఒక్కసారి తిప్పితే పిక్కలు = పప్పు × 4. ఇక 20 కిలోలు అడిగినా, 50 అడిగినా, 130 అడిగినా నోటితోనే చెప్పొచ్చు: 80, 200, 520 కిలోల పిక్కలు. 80 కిలోల బస్తాల్లో అయితే ఒకటి, రెండున్నర, ఆరున్నర బస్తాలు.

'ఎక్స్‌ను సబ్జెక్ట్‌గా చేయండి' అని అడిగారు. అంటే?

ఇంగ్లీషు మీడియంలోకి మారిన పిల్లలు ఈ మాట దగ్గర తెగ టెన్షన్ పడతారు. సబ్జెక్ట్ అంటే వాళ్లకు తెలిసింది లెక్కలు, సైన్సు, సోషల్. ఇక్కడ దాని అర్థం ఆ అక్షరాన్ని సమానం గుర్తుకు ఒక పక్కన ఒంటరిగా నిలబెట్టమని. రెండో పక్కన ఆ అక్షరం మళ్లీ కనిపించకూడదు. అంతే.

సమానం గుర్తును వరుసగా రాసుకుంటూ పోతే మార్కులు తగ్గుతాయా?

మార్కుల మాట అటుంచి, అది అబద్ధం అవుతుంది. 3 + 5 = 8 × 2 = 16 అని రాస్తే 3 + 5 విలువ 16 అని చెప్పినట్టే. 1557లో రాబర్ట్ రికార్డ్ ఈ గుర్తును అచ్చులోకి తెచ్చినప్పుడు, రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి వేరే ఉండవనే ఎంచుకున్నాడు. ఒక అడుగుకు ఒక వరుస రాయండి, సమానం గుర్తులు ఒకదాని కింద ఒకటి రావాలి. చివరి జవాబు తప్పినా, అడుగులు కనిపిస్తే వాటికి మార్కులు పడతాయి.

నాకు లెక్కలు రావు. ఇంట్లో మా పిల్లకు ఎలా సాయం చేయాలి?

ఈ ప్రశ్న అడిగే తల్లులంటే నాకు చాలా గౌరవం. మీకు బీజగణితం రానక్కర్లేదు. అమ్మాయి తిప్పి రాశాక, పాత సూత్రంలో సులువైన అంకెలు వేయించండి. వేగం 10, కాలం 3 అయితే దూరం 30. ఇప్పుడు కొత్త సూత్రంలో 30, 10 వేస్తే 3 రావాలి. రాకపోతే ఎక్కడో తప్పుంది, వెతుక్కోమనండి. అంకెలుగా 0, 1, 2 మాత్రం వద్దు. 2 + 2, 2 × 2 రెండూ 4 కాబట్టి తప్పు దాక్కుంటుంది. ఇంకొకటి, "ఈ వరుసలో రెండు పక్కలా ఏం చేశావ్?" అని అడగండి. జవాబు చెప్పగలిగితే వచ్చినట్టే. "అటు వెళ్లింది" అని మాత్రమే అంటే ఇంకా రాలేదు.

తప్పు చేసినందుకు కొట్టకండి. నా చిన్నప్పుడు ఒక మైనస్ తప్పితే చేతి మీద దెబ్బ పడేది. ఏడాదంతా ఆ మైనస్ చూస్తేనే వణుకు తప్ప, అది ఎందుకు వస్తుందో మాత్రం తెలియలేదు.

ఇంట్లో చేసుకోవడానికి కొన్ని ఇవ్వగలరా?

ఐదు ఇస్తున్నాను, జవాబులు కిందే ఉన్నాయి, ముందే చూడకండి.

ఒకటి: చదరపు గజాలు = 48.4 × సెంట్లు. సెంట్లను ఒంటరి చేసి, 242 గజాల స్థలం ఎన్ని సెంట్లో చెప్పండి.

రెండు: ఆటో ఛార్జీ = 30 + 12 × కిలోమీటర్లు అనుకుందాం. 150 రూపాయలు అయితే ఎంత దూరం?

మూడు: చెరువు గట్టును అడ్డంగా కోస్తే సమలంబ చతుర్భుజం కనిపిస్తుంది. వైశాల్యం = (పై వెడల్పు + అడుగు వెడల్పు) × ఎత్తు ÷ 2. అడుగు వెడల్పును ఒంటరి చేయండి. వైశాల్యం 12 చదరపు మీటర్లు, ఎత్తు 3, పై వెడల్పు 2 మీటర్లు.

నాలుగు: నూతిలో వదిలిన రాయి పడే లోతు = 4.9 × కాలం². కాలాన్ని ఒంటరి చేయండి. లోతు 19.6 మీటర్లయితే ఎన్ని సెకన్లు?

ఐదు, కొంచెం కష్టం: మ = (క + 3) ÷ (క − 2). 'క'ను ఒంటరి చేయండి.

జవాబులు: 5 సెంట్లు. 10 కిలోమీటర్లు. అడుగు వెడల్పు = 2 × వైశాల్యం ÷ ఎత్తు − పై వెడల్పు, అంటే 6 మీటర్లు. కాలం = √(లోతు ÷ 4.9), 2 సెకన్లు. క = (2 × మ + 3) ÷ (మ − 1); మ విలువ 2 అయితే క విలువ 7, పాత సూత్రంలో వేసి సరిచూసుకోండి. మ విలువ 1 ఎందుకు కాకూడదో కూడా ఆలోచించి రాయండి.